"వోట్ టు" అనకూడదా? ఓటు మాటను ఇంగ్లీషు వాక్యంలో ఎలా వాడాలి?

కొత్తపేజీ
అందరికీ నమస్కారం. మా టీములో రెండు డిజైన్లలో ఏది ఉంచాలో తేల్చడానికి నిన్న ఓటింగ్ పెట్టారు. అయ్యాక నేను అందరికీ ఒక మెయిల్ పంపాను. అందులో "ఐ వోటెడ్ టు ద సెకండ్ డిజైన్" అని రాశాను. పక్క టీములో పనిచేసే ఆవిడ మర్యాదగానే చెప్పారు, "టు కాదండీ, ఫర్" అని. సరేనని గుర్తుపెట్టుకున్నాను. సాయంత్రం ఇంగ్లీషు వార్తలు వింటుంటే "ద మెంబర్స్ వోటెడ్ టు ఎక్స్‌టెండ్ ద డెడ్‌లైన్" అన్నారు. మరి అక్కడ టు ఉందిగా! అప్పటినుంచి ఏది రాయాలన్నా టెన్షన్‌గా ఉంది.

నేను పది వరకు తెలుగు మీడియం. రూలు చెబితే బట్టీ పడతాను, కానీ ఎందుకో తెలియకపోతే నెల తిరక్కుండా మళ్ళీ అదే తప్పు రాస్తాను. కాస్త వివరంగా చెప్పగలరా?

గోరింక
వోట్ తర్వాత ఫర్ మాత్రమే వస్తుంది. టు ఎప్పుడూ రాదు. వార్తల్లో మీరు సరిగ్గా విని ఉండరు.

మాటలమూట
గోరింక గారూ, ఆ "ఎప్పుడూ" అన్న మాట తీసేయాలండీ. కొత్తపేజీ గారు విన్నది సరైన వాక్యమే. 2016 జూన్ 23న ఈయూ, అంటే యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా వద్దా అని బ్రిటన్‌లో రెఫరెండం (ప్రజల ఓటింగ్) జరిగింది గుర్తుందా? మర్నాడు వార్తలన్నీ "బ్రిటన్ వోట్స్ టు లీవ్ ది ఈయూ" అనే చెప్పాయి. అక్కడ ఫర్ పెట్టి "వోట్స్ ఫర్ లీవ్ ది ఈయూ" అంటే వాక్యమే నిలవదు.

కొత్తపేజీ గారూ, మీకు తప్పు ఎక్కడ నుంచి వచ్చిందో ముందు చూద్దాం. మనం తెలుగులో "రెండో డిజైన్‌కు ఓటు వేశాను" అంటాం. ఆ "కు"ని చూడగానే చెయ్యి తనంతట తాను టు రాసేస్తుంది. చిన్నప్పుడు "కు అంటే టు" అని నేర్పారు కాబట్టి. కానీ ఓటు విషయంలో మన "కు" చెప్పేది చేరవేయడం కాదు, ఎవరి పక్షాన ఉన్నామన్నది. పక్షం చెప్పాలంటే ఇంగ్లీషుకు ఫర్ కావాలి.

మరి వార్తల్లో టు ఎందుకొచ్చింది? ఆ వాక్యాన్ని తెలుగులో చెప్పి చూడండి. "గడువు పొడిగించాలని సభ్యులు ఓటు వేశారు." ఇక్కడ "కు" లేనే లేదు, "పొడిగించాలని" ఉంది. ఆ "ఆలని"కి సరిపడేదే ఈ టు. దాని వెనక మనిషి గానీ వస్తువు గానీ రాదు, చేయబోయే పని వస్తుంది. "దే వోటెడ్ టు వెయిట్", "వి వోటెడ్ టు కాన్సిల్ ద ట్రిప్."

కాబట్టి ఇంగ్లీషు గ్రామర్ పుస్తకం తెరవకముందే, ఆ వాక్యాన్ని ఒకసారి తెలుగులో పైకి అనుకోండి. మనిషికో వస్తువుకో "కు" తగిలితే ఫర్. "ఆలని" వస్తే టు.

కొత్తపేజీ
మాటలమూట గారూ, ఇది నిజంగా బుర్రకెక్కింది. ఇన్నేళ్ళలో ఎవరూ ఇలా చెప్పలేదు. మరి "ప్రతిపాదనపై ఓటింగ్ జరిగింది" అంటే?

మాటలమూట
చూశారా, మీరే "పై" అన్నారు. దానికి ఆన్. "వి వోటెడ్ ఆన్ ద ప్రపోజల్." ఈ వాక్యం విన్నవాళ్ళకు ఓటింగ్ జరిగిందనే తెలుస్తుంది, మీరు ఎటు వేశారో తెలియదు. "వోటెడ్ ఫర్ ద ప్రపోజల్" అంటే మీరు దాన్ని సమర్థించారని. ఈ తేడా మీటింగ్ మినిట్స్ రాసేటప్పుడు చాలా ముఖ్యం. నేను ఒకసారి "ద కమిటీ వోటెడ్ ఫర్ ద న్యూ టైమింగ్స్" అని రాశాను. కమిటీ ఆమోదించిందని చదివినవాళ్ళు అనుకున్నారు. నిజానికి ఓటింగ్ జరిగి అది వీగిపోయింది. ఆన్ రాయాల్సిన చోట ఫర్ రాసినందుకు మినిట్స్ మళ్ళీ పంపాల్సి వచ్చింది.

గోరింక
నేను పొరపాటుపడ్డాను, ఒప్పుకుంటున్నాను. నాకు స్కూల్లో "వోట్ ఫర్" ఒక్కటే నేర్పారు, అదే రూలనుకున్నాను. కొత్తపేజీ గారూ, మీరు విన్నది తప్పన్నందుకు ఏమీ అనుకోకండి.

ఇప్పుడు నాదొక సందేహం. "ఐ గేవ్ మై వోట్ టు హర్" అని చాలామంది అంటారు. ఇక్కడ టు తర్వాత మనిషే ఉంది కదా. ఇది తప్పా?

పాతనిఘంటువు
తప్పు కాదమ్మా. ఇక్కడ టు వచ్చింది వోట్ వల్ల కాదు, గేవ్ వల్ల. ఎవరికి ఇచ్చామో చెప్పడానికి టు కావాలి. పుస్తకం ఇచ్చినా, ఓటు ఇచ్చినా అంతే. ఇందులో వోట్ ఒక వస్తువులా నామవాచకంగా నిలబడింది. వోట్ తానే క్రియ అయినప్పుడు మాత్రం మనిషి ముందు ఫర్.

నామవాచకంగా వాడేటప్పుడు దానికి జోడీ క్రియ కాస్ట్. "ఐ కాస్ట్ మై వోట్ ఫర్ హర్." దీనికి భూతకాలం కూడా కాస్టే. "కాస్టెడ్" అని పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు రాయడం కూడా చూశాను. కట్, పుట్, హిట్ లాగే ఇదీ మారదు. "ఓటు వేశాను" అన్నాం కదా అని "ఐ పుట్ మై వోట్" అనకూడదు. అయితే "లెట్స్ పుట్ ఇట్ టు ద వోట్" అన్నది చక్కటి ఇంగ్లీషు. విషయాన్ని ఓటింగ్‌కు పెడదామని దాని అర్థం. అక్కడ పెట్టేది ఓటు కాదు, విషయం.

నేను చాలా ఏళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పాను. పిల్లలు టు, ఫర్, ఆన్ లాంటి ప్రిపొజిషన్లను చిన్న మాటలని తీసిపారేస్తారు. అర్థమంతా తిరిగేది వాటి మీదే.

రెండోవరస
వోట్ తర్వాత ఏ ప్రిపొజిషనూ లేకుండా కూడా వాక్యాలుంటాయి, అవి ఎవరూ చెప్పలేదు. "దే వోటెడ్ హర్ కెప్టెన్." ఓటు వేసి ఆమెను కెప్టెన్‌ని చేశారని. "షి వాజ్ వోటెడ్ ద బెస్ట్ ప్లేయర్." మధ్యలో యాజ్ అక్కర్లేదు.

ఇంకా వోట్ డౌన్, వోట్ ఔట్, వోట్ ఇన్ ఉన్నాయి. ప్రతిపాదనను ఓడిస్తే "వోటెడ్ ఇట్ డౌన్", పదవిలో ఉన్నవాళ్ళను దించేస్తే "వోటెడ్ దెమ్ ఔట్", ఎక్కిస్తే "వోటెడ్ దెమ్ ఇన్". నాకు వోట్ డౌన్ బాగా నచ్చుతుంది. తెలుగులో "వీగిపోయింది" అంటే ఎవరు ఓడించారో కనబడదు, ఇంగ్లీషులో ఆ చేతులు కనబడతాయి.

వానచినుకు
నేను ఉచ్చారణ గురించి చెప్పాలి. దీనివల్ల నేను బాగా ఇబ్బందిపడ్డాను.

ఫోన్ మీటింగులో "వి గాట్ నైన్ వోట్స్" అన్నాననుకున్నాను. అవతలి వ్యక్తికి "నైన్ ఓట్స్" అని వినబడింది. ఓట్స్ అంటే ధాన్యం. రెండుసార్లు చెప్పినా ఆయనకు అర్థం కాలేదు. చివరికి చాట్‌లో టైప్ చేశాను. ఆ రోజంతా మనసు బాగాలేదు. తర్వాత కూర్చుని ఆలోచిస్తే కారణం మన తెలుగులోనే దొరికింది. మనం ఒక అన్నా వొక అన్నా ఒకటే. ఒళ్ళు, వొళ్ళు ఒకటే. ఓ గుణింతం ముందు వకారం ఉన్నా లేకపోయినా మనకు అర్థం మారదు. అందుకే మన చెవి దాన్ని పట్టించుకోదు, మన పెదవీ పట్టించుకోదు. ఇంగ్లీషు వోట్ మన దగ్గర హాయిగా ఓటు అయిపోయింది. తెలుగులో అది తప్పేం కాదు, అది మన మాటే. కానీ ఇంగ్లీషులో ఆ మొదటి శబ్దం పోతే మాటే మారిపోతుంది.

నేను చేసిన సాధన ఇది. పై పళ్ళు కింది పెదవి మీద మెల్లగా ఆన్చి, గాలి వదులుతూ గొంతు మోగించాలి. పెదవి సన్నగా జుమ్మంటుంది. ఆ జుమ్మనడం మొదలయ్యాకే ఓ పలకాలి. రెండు పెదవులు గుండ్రంగా చుడితే అది డబ్ల్యూ అవుతుంది, అదీ కాదు. వారం రోజులు రోజుకు ఐదు నిమిషాలు చేస్తే వచ్చేసింది. వోటెడ్ అన్నప్పుడు చివర "టిడ్" అని తేలిగ్గా వదలాలి, "టెడ్" అని ఒత్తకూడదు.

కొత్తపేజీ
వానచినుకు గారూ, ఒక, వొక ఉదాహరణ చదివి ఇప్పుడే అద్దం ముందు నిలబడి చూసుకున్నాను. నా పళ్ళు పెదవిని తాకడమే లేదు. ధన్యవాదాలు.

లేతఎండ
నాకు "తేడాతో" దగ్గర ఎప్పుడూ చిక్కు. "ఒక్క ఓటు తేడాతో ఓడిపోయారు" అన్నదాన్ని "లాస్ట్ విత్ వన్ వోట్ డిఫరెన్స్" అని రాస్తే మా మేనేజర్ కొట్టేశారు.

పాతనిఘంటువు
దానికి బై. "లాస్ట్ బై వన్ వోట్." డిఫరెన్స్ అన్న మాటే అక్కర్లేదు, బై లోనే తేడా ఉంది. చరిత్రలో దీనికి పెద్ద ఉదాహరణ 1979 మార్చి 28. బ్రిటన్ పార్లమెంటులో జేమ్స్ కాలహన్ ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం పెట్టారు. అనుకూలంగా 311, వ్యతిరేకంగా 310. "ద గవర్నమెంట్ లాస్ట్ బై వన్ వోట్." ఆ ఒక్క ఓటుతో సాధారణ ఎన్నిక పెట్టాల్సి వచ్చింది, అందులో మార్గరెట్ థాచర్ ప్రధాని అయ్యారు.

విత్ కూడా వస్తుంది, కానీ వేరే లెక్కకు. మొత్తం ఎన్ని వచ్చాయో చెప్పేటప్పుడు విత్. "షి వన్ విత్ ఫార్టీ వోట్స్" అంటే ఆమెకు వచ్చినవి నలభై. "షి వన్ బై ఫార్టీ వోట్స్" అంటే రెండోవాళ్ళకంటే నలభై ఎక్కువ. తెలుగులో "నలభై ఓట్లతో", "నలభై ఓట్ల తేడాతో" రెండింట్లోనూ తో ఉండడం వల్ల మనం రెండు చోట్లా విత్ పెడతాం.

రెండోవరస
ఇంకో విషయం. ఒక్క పదవికి ఒకేసారి ఓటింగ్ జరిగినా మనం "ఎలక్షన్స్" అంటాం. తెలుగులో "ఎన్నికలు జరిగాయి" అని ఎప్పుడూ బహువచనమే కదా, ఆ అలవాటు. దేశమంతా ఎన్నో స్థానాలకు జరిగితే ఎలక్షన్స్ అనొచ్చు. క్లబ్ సెక్రటరీ ఒక్కరిని ఎన్నుకున్నప్పుడు "ది ఎలక్షన్ వాజ్ హెల్డ్ ఆన్ సండే." ఓటు వేసింది అందులో కాబట్టి "ఐ వోటెడ్ ఇన్ ది ఎలక్షన్." ఇన్ వదిలేసి "వోటెడ్ ది ఎలక్షన్" అనకూడదు.

గోరింక
ఎలక్ట్, సెలక్ట్ తేడా కూడా చెప్పండి. మా అబ్బాయి "ఐ వాజ్ సెలక్టెడ్ యాజ్ మానిటర్ బై వోటింగ్" అని రాశాడు.

మాటలమూట
ఓటింగ్ జరిగితే ఎలక్టెడ్. టీచరుగారే చూసి ఎంచుకుంటే సెలక్టెడ్. "ఐ వాజ్ ఎలక్టెడ్ మానిటర్" అంటే చాలు, బై వోటింగ్ అని మళ్ళీ చెప్పనక్కర్లేదు. యాజ్ పెట్టినా తప్పు లేదు. బాబుకు అభినందనలు చెప్పండి.

ఎలక్ట్‌కు ఇంకో వాడుక ఉంది, ఓట్లకు సంబంధం లేనిది. "హి ఎలక్టెడ్ టు స్టే" అంటే ఉండిపోవాలని తనే నిర్ణయించుకున్నాడని. కాస్త గంభీరమైన రాతల్లో కనబడుతుంది. అది చదివి ఎక్కడో ఎన్నిక జరిగిందనుకోకండి.

పడవదారి
చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. కాంటెస్ట్ అనే మాట గురించి హెచ్చరించాలని వచ్చాను.

నేను ఒక అమెరికన్ సహోద్యోగికి "మై సిస్టర్ ఈజ్ కాంటెస్టింగ్ ది ఎలక్షన్" అని రాశాను. ఆవిడ ఒక వృత్తి సంఘం కమిటీకి పోటీ చేస్తోంది. ఆయన నుంచి వచ్చిన జవాబు, "ఐ యామ్ సారీ షి లాస్ట్." ఇంకా ఓటింగే జరగలేదు! ఒక రోజంతా మేమిద్దరం చెరో విషయం మాట్లాడుకున్నాం. అమెరికాలో ఎలక్షన్‌ను కాంటెస్ట్ చేయడమంటే ఫలితం ఒప్పుకోకుండా సవాలు చేయడం. 2000లో అల్ గోర్ ఫ్లోరిడా ఫలితాన్ని కోర్టులో కాంటెస్ట్ చేశారు అంటారు, ఈ అర్థంలోనే. మన ఇంగ్లీషులో, బ్రిటిష్ ఇంగ్లీషులో పోటీ చేయడానికి కూడా ఆ మాట వాడతాం. అందుకే చదివేది ఎవరో తెలియనప్పుడు నేను ఇప్పుడు "షి ఈజ్ ఎ క్యాండిడేట్" అని రాస్తున్నాను. ఏ దేశం వాళ్ళకైనా అర్థమవుతుంది.

పాతనిఘంటువు
చాలా ఉపయోగపడే మాట చెప్పారు. అలాగే బ్రిటిష్‌వాళ్ళు ఎన్నికకు నిలబడతారు, "స్టాండ్ ఫర్ ఎలక్షన్". అమెరికన్లు పరుగెత్తుతారు, "రన్ ఫర్ ఆఫీస్". మన తెలుగు ఇక్కడ బ్రిటిష్‌వాళ్ళతో కలిసింది, మనమూ "నిలబడ్డాడు" అనే అంటాం. రెండింట్లోనూ ఫర్ ఉంది చూడండి.

ఈ మాటల పుట్టుక కూడా కొంచెం చెబుతాను, పిల్లలకు చెబితే మర్చిపోరు. వోట్ లాటిన్ మాట వోటుమ్ నుంచి వచ్చింది. మొక్కు, కోరిక అని దాని అర్థం. ఇంగ్లీషులో మాట ఇవ్వడాన్ని వౌ అంటారే, అంకితం కావడాన్ని డివోట్ అంటారే, అవన్నీ ఒక్క కుటుంబమే. అంటే ఓటు వేయడం మొదట్లో ఒక కోరికను పైకి చెప్పడం. ఫర్ ఎందుకు కుదురుతుందో దీంతో నాకు ఇంకా బాగా అర్థమైంది. కోరుకునేది ఎవరో ఒకరి కోసమే కదా.

బ్యాలట్ ఇటాలియన్ బల్లొత్తా, చిన్న గుండు. వెనిస్‌లో రహస్యంగా ఎంచుకోవడానికి చిన్న గుండ్లు వేసేవారు. ఎవరినైనా సంఘంలో చేరనివ్వకపోతే బ్లాక్‌బాల్ చేశారనడం కూడా నల్ల గుండు వేసే ఆ పద్ధతి నుంచే. పోల్ అంటే పాత ఇంగ్లీషు వాడుకలో తల, అంటే తలలు లెక్కపెట్టడం. పోల్ ట్యాక్స్ తలపన్ను. కప్పపిల్లను టాడ్‌పోల్ అంటారు, ఒళ్ళంతా తలే కనబడుతుంది కాబట్టి. క్యాండిడేట్ తెల్లబట్టలవాడు. రోములో పదవి కోరేవాళ్ళు తెల్లగా మెరిసే అంగవస్త్రం వేసుకుని జనంలోకి వచ్చేవారు.

మన "ఎన్నిక"లో ఉన్న "ఎన్ను"కు కూడా లెక్కించడమనే పాత అర్థం ఉంది. రెండు భాషలూ లెక్క దగ్గరే కలుసుకోవడం నాకెంతో ఇష్టమైన విషయం.

లేతఎండ
వోట్, బ్యాలట్ ఒకదాని బదులు ఒకటి వాడొచ్చా?

రెండోవరస
అన్ని చోట్లా కాదు. వోట్ మీ ఎంపిక. బ్యాలట్ ఆ ఎంపికను గుర్తుపెట్టే కాగితం, లేదా ఆ పద్ధతి. కాగితం చెడిపోతే "స్పాయిల్ట్ బ్యాలట్". రహస్యంగా వేస్తే "సీక్రెట్ బ్యాలట్". బ్రిటన్‌లో 1872 బ్యాలట్ చట్టంతోనే రహస్య ఓటింగ్ వచ్చింది. దానికి ముందు అందరి ఎదుటా పైకి చెప్పేవారు.

ముందు ద చేర్చి "ద వోట్" అంటే ఓటు హక్కు. "విమెన్ ఇన్ న్యూజిలాండ్ గాట్ ద వోట్ ఇన్ 1893." ఇక్కడ ద బదులు ఎ పెట్టి "ఎ వోట్" అంటే ఒక్క ఓటు వచ్చిందని అర్థమవుతుంది.

వానచినుకు
వోట్ ఆఫ్ థ్యాంక్స్ కూడా చెప్పేయండి ఎవరైనా. సభ చివర "నౌ ఐ విల్ గివ్ వోట్ ఆఫ్ థ్యాంక్స్" అంటుంటారు.

పాతనిఘంటువు
దానికి ప్రపోజ్ వాడాలి. "ఐ వుడ్ లైక్ టు ప్రపోజ్ ఎ వోట్ ఆఫ్ థ్యాంక్స్." కృతజ్ఞత తెలపాలని ఒకరు ప్రతిపాదిస్తే, సభంతా చప్పట్లతో ఒప్పుకుంటుంది. ఆ చప్పట్లే ఓటు. ఎ మర్చిపోవద్దు.

కొత్తపేజీ
ఇదంతా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఇప్పుడు మా టీముకు కొత్త మెయిల్ ఇలా రాస్తున్నాను, చూసి తప్పులుంటే చెప్పండి.

"వి వోటెడ్ ఆన్ ద టూ డిజైన్స్ యెస్టర్‌డే. ఐ వోటెడ్ ఫర్ ద సెకండ్ వన్. ఇట్ వన్ విత్ త్రీ వోట్స్. వి ఆల్సో వోటెడ్ టు కీపింగ్ ది ఓల్డ్ లోగో."

గోరింక
మొదటి రెండూ చక్కగా ఉన్నాయి. చివరిది "వోటెడ్ టు కీప్". టు తర్వాత క్రియ ఉన్నది ఉన్నట్టే రావాలి, ఇంగ్ తగిలించకూడదు. ఈసారి నేను నిఘంటువు చూసుకునే చెబుతున్నాను.

మాటలమూట
అవును, గోరింక గారు చెప్పింది సరైనదే. మూడో వాక్యానికి ఒక ప్రశ్న. రెండో డిజైన్‌కు మొత్తం వచ్చినవి మూడేనా, మూడు ఎక్కువ వచ్చాయా?

కొత్తపేజీ
తొమ్మిది వచ్చాయి, మొదటిదానికి ఆరు.

మాటలమూట
అయితే బై.

కొత్తపేజీ
"ఇట్ వన్ బై త్రీ వోట్స్." మార్చేశాను. రేపు ఉదయం మీటింగులో ఇదే పైకి చదవాలి. వానచినుకు గారూ, పళ్ళూ పెదవీ సాధన మొదలుపెడుతున్నాను.